చెప్పింది చెప్పినట్టు

మా తమ్ముడి సంజాయిషీ రాసింది నేనే. అడుగున వాడి సంతకం తప్ప ఆ రెండు పేజీల్లోని అక్షరాలన్నీ నావే. ఆ వేసవి దాటి మూడేళ్లయింది. నాన్న ఇప్పటికీ నాతో అవసరమైనంత వరకే మాట్లాడతారు.

ఆ ఏడు బట్టల ఫ్యాక్టరీకి స్కూలు యూనిఫాంల ఆర్డరు వచ్చింది. బడులు తెరిచేలోగా నలభై వేల చొక్కాలు వెళ్లాలి. నాన్న ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్. మేనేజరు కాళ్లావేళ్లా పడి తమ్ముణ్ణి కాజాల మిషను మీద పెట్టించింది ఆయనే. అమ్మ ఇంట్లోనే కూర్చుని కుట్టిన కాలర్లకు మిగిలిన దారాలు కత్తిరించేది. ఎక్కడ చూసినా నీలం దారం ముక్కలే. మంచినీళ్ల బిందెలోకి కూడా వచ్చి చేరేవి.

ఇంట్లో ఆ ఫ్యాక్టరీతో పనిలేనివాణ్ణి నేనొక్కణ్ణే. మా వాళ్లందరిలోకీ డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తాని. లారీ గుద్దినవాళ్లు, గోడౌను తగలబడినవాళ్లు మా దగ్గరికి వస్తారు. వాళ్ల వాంగ్మూలం రాయడం నా పని. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయాలి, చదివి వినిపించాలి, ఏమైనా మార్చాలా అని అడగాలి, అప్పుడు సంతకం పెట్టించాలి. చేరిన మొదటిరోజే మా పెద్ద గుమాస్తా గట్టిగా చెప్పారు: "వాడి అబద్ధం వాడిదిగానే ఉండాలయ్యా. అందులో నీది కలవకూడదు."

ఆర్డరు జోరులో ఉండగా ఒక ఆదివారం నాన్నకూ తమ్ముడికీ క్యారియరు తీసుకెళ్లాను. తమ్ముడు వెనకవైపు ఉన్నాడన్నారు. అక్కడ అట్టపెట్టెల నీడలో ఐదుగురు ఒకే ఫోను మీదికి వంగి ఉన్నారు. నన్ను చూడగానే ఒకడు ఫోను బోర్లించాడు.

"ఏంట్రా అంత శ్రద్ధగా చూస్తున్నారు?" అన్నాను.

కటింగ్ టేబులు దగ్గర పనిచేసే ఒకతన్ని అక్కడ అందరూ బావ అని పిలుస్తారు. అతను నవ్వాడు. "పాఠాలండీ గుమాస్తాగారూ. మీరు డిగ్రీలో ముగించినవే. మేం లేటుగా మొదలెట్టాం."

"మా అన్నయ్య అలాంటివి చూడడు" అన్నాడు తమ్ముడు రోషంగా.

"చూడకుండానే పాస్ చేశారా మరి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అంతలో చెకింగ్ అమ్మాయి చేతుల మీద చొక్కాల బండిల్ ఎత్తుకుని అటుగా వెళ్లింది. కుట్టిన ప్రతి చొక్కానూ వెలుతురుకి పెట్టి చూసి, తప్పులుంటే సుద్దతో గుర్తుపెట్టి వెనక్కి పంపడం ఆమె పని. ఇరవై మూడేళ్లుంటాయి. నాన్నని బాబాయ్ అంటుంది. ఎండలో నిలబడితే పడిపోతావు బాబాయ్, లోపలికి జరుగు అని రోజూ పోట్లాడుతుందని నాన్నే నవ్వుతూ చెప్పేవారు.

ఆమె మలుపు తిరిగేదాకా చూసి బావ అన్నాడు: "మీవాడి మిషను దగ్గర రోజుకి నాలుగుసార్లు ఆగుతోందండీ."

"కాజాలు బాగాలేవని ఆగుతుంది" అన్నాడు తమ్ముడు. కానీ వాడి చెవులు ఎర్రబడ్డాయి.

"తప్పులు వెతికే వంకతో నిన్నే వెతుక్కుంటోందిరా వెర్రివాడా. నీ ఫోనులో చూడు, అన్నీ ఇలాగే మొదలవుతాయి."

ఆగడం ఆమె ఉద్యోగమని అక్కడ చెప్పాల్సింది. చెప్పలేదు. నాకు పెద్దమనిషిననిపించుకోవడం ఇష్టమే గానీ, నలుగురి నవ్వు ఆపేంత పెద్దమనిషిని కాను. క్యారియరు వాడి చేతికిచ్చి వచ్చేశాను.

పది రోజుల తర్వాత మధ్యాహ్నం పూట, నేను భోజనానికి వచ్చి ఉండగా నాన్న ఇంటికి వచ్చారు. డ్యూటీ మధ్యలో రావడం ఎప్పుడూ లేదు. టోపీ తీసి మంచం మీద పెట్టి, చొక్కా జేబులోంచి ఒక కాగితం తీసి నాకిచ్చారు. ఆయనకు చదవడం రాదు. దారిలో ఎవరిచేతా చదివించలేదని కాగితం మడత చూస్తేనే తెలుస్తోంది.

తమ్ముడికి వచ్చిన నోటీసు అది. గుడ్డ తానులు పెట్టే స్టోరు గదిలో, చెకింగ్ విభాగంలో పనిచేసే మహిళ వద్దంటున్నా వినకుండా ఆమెతో అసభ్యంగా ప్రవర్తించినట్టు ఫిర్యాదు. మూడు రోజుల్లో రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి.

నేను పైకి చదువుతున్నంతసేపూ అమ్మ కత్తెర ఆగలేదు. చదవడం అయ్యాక ఆగింది.

"ఎవరైనా చూశారా?" అని అడిగాను.

"ఎవరూ చూడలేదంటున్నారు. ఆ పిల్ల మాట, వీడి మాట. ఉన్నవి రెండే" అన్నారు నాన్న. "నువ్వు రాయి. వాడు ఆ గది గడపే తొక్కలేదని రాయి."

"ఆ పిల్లే వెంటపడిందని రాయరా. నా బిడ్డ చీమకు కూడా హాని చెయ్యడు" అంది అమ్మ.

"నువ్వుండవే." నాన్న నా వైపు తిరిగారు. "ఇంత చదువు చదివించింది ఇలాంటి రోజు కోసమే అనుకో. మాట తేడా వస్తే వాడి పని పోతుంది, నా గేటూ పోతుంది. వాణ్ణి పెట్టించింది నేను కదా."

మంచినీళ్లు తాగి, టోపీ పెట్టుకుని మళ్లీ గేటుకి వెళ్లిపోయారు. ఆ పూట డ్యూటీ దిగి వెళ్తూ ఆ అమ్మాయి బాబాయ్ అనలేదట. గుర్తింపు కార్డు ఎత్తి చూపించి వెళ్లిపోయిందట. రాత్రి నాన్న అమ్మకి చెబుతుంటే విన్నాను.

మర్నాడు పొద్దున ఆఫీసుకి సెలవు పెట్టాను. తమ్ముణ్ణి వెనక గదిలో కూర్చోబెట్టి తలుపు వేశాను. వాడు కాలర్ల మూట మీద కూర్చున్నాడు. తెల్లకాగితాలు తీసి, అలవాటు ప్రకారం ఎడమవైపు మార్జిను గీసుకున్నాను. ముందు జరిగింది తెలుసుకుని, ఆ తర్వాత నాన్న చెప్పిన ఉత్తరం రాయాలన్నదే అప్పటికి నా ఉద్దేశం.

"మొదట్నుంచి చెప్పు."

"ఏముంది. కాలరు గుడ్డ కోసం స్టోరుకెళ్లింది. వెనకాలే నేనూ వెళ్లాను."

"రమ్మందా?"

"నోటితో రమ్మంటారా ఎవరైనా? ముందురోజు నా మిషను దగ్గర నిలబడి నవ్వింది."

"ఎందుకు నవ్వింది?"

"ఒక చొక్కాకి కాజాలు అటుపక్క కుట్టేశాను. మగపిల్లల చొక్కాని ఆడపిల్లల చొక్కా చేశావని నవ్వింది."

రాశాను. "తలుపు?"

"చేరవేశాను. గడియ పెట్టలేదు. కావాలంటే అది రాయి."

"అప్పుడామె ఏమంది?"

"వద్దు అంది."

ఉక్కపోస్తోంది అని ఆమె అన్నట్టు, మామూలుగా చెప్పాడు. నా చెయ్యి రాసుకుంటూ పోయింది.

"తర్వాత?"

"చెయ్యి పట్టుకున్నాను. తోసింది. మళ్లీ వద్దంది." ఆ తర్వాత వాడు చెప్పినవి కాగితం మీద మూడు లైన్లు వచ్చాయి. వాటిని ఇక్కడ రాయను. ట్రాలీ కోసం ఎవరో పిలుస్తూ రావడంతో ఆమె విడిపించుకుని బయటికి వెళ్లింది. జాకెట్టు భుజం దగ్గర కుట్టు ఊడింది.

"వద్దంటే ఆగలేదేంరా?" ఆఫీసులో ఇలాంటి ప్రశ్న అడగకూడదు. అయినా అడిగాను.

వాడు ఆశ్చర్యంగా చూశాడు. ఆ ముఖంలో కోపం గానీ సిగ్గు గానీ ఉన్నట్టయితే ఈ కథ మరోలా ఉండేది. నిజంగానే వాడికి ప్రశ్న అర్థం కాలేదు.

"ఆ వద్దు వేరన్నయ్యా. మొదట అందరూ అంటారు. అనకపోతే అలాంటిదనుకుంటారని అంటారు. కాసేపు తోస్తారు, ఏడ్చినట్టు చేస్తారు. తర్వాత వాళ్లే మారతారు. అన్నిట్లోనూ అలాగే ఉంటుంది కదా."

"వేటిలో?"

"తెలియనట్టు అడుగుతావేంటి. నువ్విచ్చిన ఫోనులోనే బోలెడుండేవి."

నా కలం ఆగింది.

నాకు మొదటి జీతం వచ్చినప్పుడు కొత్త ఫోను కొనుక్కుని పాతది వాడికిచ్చాను. వాడికప్పుడు పంతొమ్మిదేళ్లు. హాస్టల్లో ఒకరి నుంచి ఒకరం వీడియోలు నింపుకున్న మెమరీ కార్డు అందులోనే ఉండిపోయింది. వారానికి గానీ గుర్తు రాలేదు. అడిగితే నేను చూసినట్టు ఒప్పుకోవాలి. వాడూ నోరెత్తలేదు. వాడు మాత్రం చిన్నపిల్లాడా అని సర్దిచెప్పుకున్నాను. ఆ కార్డులో ఏముందో నాకు తెలుసు. చాలావాటిలో ఆడమనిషి వద్దంటుంది. మేం ఎనిమిదిమందిమి ఒకే మంచం మీద కూర్చుని ఆ వద్దు దగ్గరే ఎక్కువ నవ్వేవాళ్లం. అది ఎక్కి వెళ్లాల్సిన మెట్టనుకున్నాం గానీ, అక్కడ గోడ ఉందని మాలో ఒక్కడికీ తోచలేదు. నేను ఎవరి మీదా చెయ్యి వేయలేదు. అది నా మంచితనమో, నాకు అవకాశం లేకపోవడమో ఆ రోజు వరకూ ఆలోచించలేదు.

"నిజంగా ఒక ఆడపిల్లతో ఎప్పుడైనా కూర్చుని మాట్లాడావురా?"

"ఎక్కడ మాట్లాడతాం? బండిల్ ఇవ్వు, బండిల్ తీసుకో. అంతేగా."

నాన్న అడిగిన ఉత్తరం రాయడం నాకు చిటికెలో పని. ఆరోపణ పూర్తిగా నిరాధారం, ఆ సమయంలో నేను నా మిషను వద్దనే ఉన్నాను, నా పేద కుటుంబాన్ని దృష్టిలో ఉంచుకుని. ఐదు లైన్లు. ఆ మాటలు తలలో బారులు తీరి నిలబడ్డాయి. ఆ ఐదు లైన్లూ కాగితం మీదికి వస్తే, ఉన్న రెండు మాటల్లో ఆ అమ్మాయి మాట అబద్ధమైపోతుంది.

"ఇంకా చెప్పు" అన్నాను.

వాడు చెప్పాడు. నేను రాశాను. ముందురోజు నవ్వు రాశాను, వద్దు వేరని వాడన్నది రాశాను, అందరూ మొదట అలాగే అంటారన్నది రాశాను. ఫోను సంగతి కూడా రాశాను. ఒక్క మాట దిద్దలేదు. రెండు పేజీలు నిండాక మొదట్నుంచీ చదివి వినిపించాను. వాడు చేతులు కట్టుకుని బుద్ధిగా విన్నాడు.

"ఏమైనా మార్చాలా?"

వాడు ఆలోచించాడు. "రెండుసార్లు వద్దందని రాశావు. మూడుసార్లు అంది. మూడోసారి మెల్లగా అంది, వినీ వినపడనట్టు. రాసేటప్పుడు అంతా రాయాలి కదా."

రెండు కొట్టేసి మూడు అని రాశాను.

"మెల్లగా అందంటే ఒప్పుకున్నట్టే అనుకున్నానని కూడా రాయి. అది నాకు ప్లస్సు."

అదీ రాశాను.

సంతకం పెట్టి కాగితాన్ని ఊదుతూ ఆరబెట్టాడు. "బాగా వచ్చిందన్నయ్యా. నాన్న చెప్పినట్టు వెళ్లలేదని రాస్తే దొరికిపోయేవాణ్ణి. ఇందులో ఒక్క అబద్ధం లేదు. చదివితే వాళ్లకే అర్థమవుతుంది."

"అర్థమవుతుంది" అన్నాను.

బయట నాన్న చెప్పులేసుకుని సిద్ధంగా ఉన్నారు. "గట్టిగా రాశావా?"

"వాడు చెప్పింది రాశాను."

ఆయన ఆ కవరుని జేబులో పెట్టుకుని, పైన గుండీ పెట్టుకుని, తనే స్వయంగా తీసుకెళ్లి ఆఫీసులో ఇచ్చారు.

విచారణకి నన్ను కూడా పిలిచారు, చేతిరాత నాదని. గోడ పొడవునా నమూనా చొక్కాలు వేలాడుతున్న గది. బల్లకి అవతల మేనేజరు, లెక్కలు చూసే ఒకావిడ, బయటినుంచి వచ్చిన లాయరు మేడం. ఇటు చివర తమ్ముడు ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. ఆ చివర ఆ అమ్మాయి, పక్కన వాళ్ల అక్క.

నేను వెళ్లేసరికి మేనేజరు ఆమెని అడుగుతున్నాడు. "నువ్వు నిజంగా గట్టిగా చెప్పావా అమ్మా? బయట నలభై మంది ఉన్నారు. ఒక్క కేక వేస్తే సరిపోయేది."

"నలభై మిషన్లు ఆడుతున్నాయి సార్. నా మాట నాకే వినపడదు."

"అదే నేనడిగేది. అతనికి మాత్రం ఎలా వినపడుతుంది?"

లాయరు మేడం నా కాగితాలు ఎత్తి చూపించింది. "ఇది మీరు రాశారా?"

"మా తమ్ముడు చెప్పాడు. నేను రాశాను. చదివి వినిపించాను."

"ఈ కొట్టివేత?"

"అతనే సరిచేయించాడు."

ఆవిడ ఆ కాగితాలని ఆ అమ్మాయి ముందుకి జరిపింది. ఆమె ప్రతి లైను కిందా వేలు పెట్టుకుంటూ చదివింది. రెండో పేజీలో ఒకచోట వేలు ఆగిపోయింది. చాలాసేపు అక్కడే ఉంది.

"మెల్లగా అన్నది కూడా వినపడిందా" అంది. ఎవర్నీ అడగలేదు. "పైకి అన్నానో, లోపలే అనుకున్నానో అని ఇన్ని రోజులూ... ఇంట్లో కూడా అదే అడిగారు. ఏమో అన్నాను."

వాళ్ల అక్క తల దించుకుంది.

"అదేనండీ నేనూ చెబుతున్నది" అన్నాడు తమ్ముడు, సాయం చేస్తున్నట్టు. "మూడుసార్లూ అంది."

మేనేజరు కలానికి మూత పెట్టాడు. తమ్ముడు అందరి ముఖాలూ చూసి చివరికి నా వైపు చూశాడు. నేను గోడమీది చొక్కాలు చూస్తున్నాను.

వాణ్ణి ఆ వారమే తీసేశారు. నాన్నని ఊరి చివర గోడౌను గేటుకి మార్చారు. అక్కడ కుర్చీ కూడా లేదు. ఆర్డరు మాత్రం అనుకున్న రోజుకే వెళ్లింది.

నేను మంచిపని చేశాననుకునే అవకాశం కూడా నాకు మిగల్లేదు. నెల తిరక్కుండా టీ కొట్టు దగ్గర బావ కనబడ్డాడు. "మీవాడి కాగితం మా లైనులో అందరికీ కంఠతా వచ్చేసిందండీ" అన్నాడు. ఫ్యాక్టరీ ఆఫీసులోంచి ఎవరో ఫోటో తీసి పంపారట. "ఆ అమ్మాయికి పేరు కూడా పెట్టారు మావాళ్లు. మూడుసార్లు అని. అదుగో మూడుసార్లు వస్తోంది, మూడుసార్లు బండిల్ అడుగుతోంది. భలే పేరు కదా."

"నీకు చెల్లెళ్లు లేరా?" అన్నాను.

"మా చెల్లెలి ఊసెందుకండీ మధ్యలో" అన్నాడు. మొదటిసారి అతనికి కోపం వచ్చింది.

ఆ తర్వాతి వారమే ఆమె పని మానేసింది. ఎక్కడ చేరిందో తెలియదు.

గేటు మారాక నాన్న ఒక రోజు ఆ కాగితం నకలు తెచ్చి నా ముందు పడేశారు. "చదువు. ఊరంతా చదివింది. మోసుకెళ్లి ఇచ్చినవాణ్ణి, నేనూ వినాలి కదా."

చదివాను. ఆఫీసులో చదివినట్టే, గొంతు ఎత్తకుండా, తగ్గించకుండా చదివాను. మూడు లైన్ల దగ్గర ఆయన చెయ్యి అడ్డుపెట్టబోయారు, మళ్లీ దించేశారు. అయ్యాక, "మీ అమ్మకి తెలియనివ్వకు" అన్నారు.

అమ్మ గుమ్మంలోనే ఉంది. కాలర్ల పని అయిపోయి చాలా రోజులైనా, చీర కుచ్చెళ్లకి ఇంకా నీలం దారం ఒకటి అంటుకుని ఉంది.

"విన్నాను" అంది. "ఆ పిల్ల మూడుసార్లు అంది. ఒక్కసారైనా అనొచ్చని నాకెవరూ చెప్పలేదు."

నాన్న లేచి పెరట్లోకి వెళ్లిపోయారు. అమ్మ ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

వానలు మొదలయ్యాక తమ్ముడికి వేరే ఊళ్లో తెరచీరలు కుట్టేచోట పని దొరికింది. అన్ని రోజులూ నాతో మాట్లాడనివాడు బస్టాండుకి నువ్వే రా అన్నాడు. బస్సు ఇంకా కదల్లేదు. సంచీ కాళ్ల మధ్య పెట్టుకుని నిలబడ్డాడు.

"రాసేటప్పుడే నీకు తెలుసు కదా, ఇది ఇస్తే నా పని అయిపోతుందని."

"తెలుసు."

"ఒక్క మాట చెబితే సంతకం పెట్టేవాణ్ణి కాదు."

"అందుకే చెప్పలేదు."

వాడు తల ఊపాడు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. సంచీ భుజానికి తగిలించుకుంటూ అన్నాడు: "అయితే అన్నయ్యా, వద్దంటే ప్రతిసారీ వద్దనేనా?"

"ప్రతిసారీ."

"నవ్విన మర్నాడు కూడానా?"

"నవ్విన నిమిషానికైనా."

"నీకెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. ఆ మాటే అన్నాను. ఇరవై రెండేళ్లవాడు, గడ్డం వచ్చినవాడు, ఎక్కాలు అప్పజెప్పలేని పిల్లాడిలా నా ముఖంలోకి చూశాడు. ఇంకేదో అడగబోయాడు. కండక్టరు విజిలు వేశాడు.

వాడు ఎక్కాడు. కిటికీలోంచి కనబడుతూనే ఉన్నాడు. మూడో వరసలో ఒకామె పక్కన ఖాళీ ఉంది. దాని మీద ఆమె సంచీ ఉంది. తమ్ముడు వంగి ఏదో అడిగాడు. ఆమె తల అడ్డంగా తిప్పింది. వాడు వెంటనే రెండడుగులు వెనక్కి వేసి, పైనున్న కడ్డీ పట్టుకున్నాడు. వెనకాల సీట్లు ఎన్నో ఖాళీగా ఉన్నాయి. వాడు వాటి వైపు చూడలేదు. అది భయమో, మరొకటో నాకు తెలియలేదు. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడే ఉన్నాడు.